ఖాళీ కెమెరా సారు

మా తమ్ముడి కూతురికి కెమెరా పిచ్చి పట్టింది. పిచ్చి అని వెక్కిరించే హక్కు నాకు లేదు, ఆ వయసులో నాకూ పట్టిందే. ఫోనులో తీసిన బొమ్మలు ఇక చాలవట, డి.ఎస్.ఎల్.ఆర్. కావాలట. తిరుపతిలో మా ఇంటికొచ్చి కూర్చుని, మొదటి కెమెరా ఏది కొనాలో నువ్వే చెప్పు అత్తా అని, పది కెమెరాలను పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక ఒకటి నా మొహం ముందు పెట్టింది. దేనికి ఎన్ని మెగాపిక్సెళ్ళు, ఏది సెకనుకు ఎన్ని బొమ్మలు తీస్తుంది, ఏది వానకు తడవదు. నాకు కళ్ళు తిరిగాయి. నాకు కెమెరా ఎంచి ఇచ్చిన మనిషి మద్రాసులో ఉన్నారు, ఆయన్నే అడుగుదాం అన్నాను. ఫిల్ము రోళ్ళ కాలం మనిషికి డిజిటల్ సంగతి ఏం తెలుస్తుందని అది మూతి ముడిచింది. మనుషుల చేతులేం డిజిటల్ కాలేదులే అని నేను ఫోను చేశాను.

ఫోను ఆయన భార్య తీసింది. ఆయన పోయి పద్దెనిమిది రోజులైందని చెప్పింది. నేను తేరుకునేలోగా ఆమే అడిగింది.

"ఆయన దగ్గిర నేర్చుకున్నోళ్ళందర్నీ అడగతా ఉండామమ్మా. నీ దగ్గిర ఆయన ఫోటో ఏదన్నా ఉండాదా? గోడకు పెట్టుకునేదానికి మాకు ఒక్కటి కూడా లేదు."

వెతికి చెప్తానన్నాను. అబద్ధం. వెతకడానికి ఏమీ లేదని నాకు తెలుసు. ఆయన్ని కూర్చోబెట్టి ఫోటో తీసింది బహుశా ప్రపంచంలో నేనొక్కదాన్నే. ఒకటి కాదు, ఒక రోలు మొత్తం తీశాను. అందులో ఒక్క ఫోటో కూడా పడలేదు. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియక అబద్ధమాడాను.

తొంభైల మొదట్లో మాట ఇది. మేము మద్రాసు పురసవాక్కంలో ఉండేవాళ్ళం. మా నాయన అక్కడే ఒక బట్టల కొట్లో చీరలు చూపించే పని చేసేవాడు. నేను రెండు వీధుల అవతల బడిలో చిన్నపిల్లల టీచరుని. మా పిన్ని కూతురి పెళ్ళిలో ఫోటోగ్రాఫరు భోజనానికి పోతూ కెమెరాకు కాపలా ఉండమని నాకిచ్చి పోయాడు. ఊరికే ఉండలేక అందులోంచి చూశాను. పందిట్లో అంతసేపూ గోలగా కనిపించిన మా చుట్టాలంతా ఒక చిన్న చతురస్రంలో విడివిడిగా, శుభ్రంగా, ఎవరి మొహం వాళ్ళదిగా కనిపించారు. ఫోటోగ్రాఫరు పాయసం దాకా తిని వచ్చినా నేను కెమెరా దించలేదు. అతనే నవ్వి, కొనాలనుకుంటే కోడంబాక్కం పోమ్మా, ఖాళీ కెమెరా సారుని అడుగు, ఆయన ఇస్తే తీసుకో, ఇవ్వనంటే మానుకో అన్నాడు.

కోడంబాక్కం రైల్వే స్టేషను దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సు, దాని మేడమీద ఒకే ఒక గది. బోర్డు లేదు. కింద టీకొట్టులో అడిగితే వేలు పైకెత్తి చూపించేవాళ్ళు. సారు ఒకప్పుడు సినిమా స్టూడియోల్లో స్టిల్ ఫోటోగ్రాఫరు దగ్గర అసిస్టెంటుగా చేసి, తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయినప్పుడు తోటివాళ్ళతో పోకుండా ఇక్కడే నిలబడిపోయి, పాత కెమెరాలు బాగుచేసి అమ్ముకుంటూ ఉండేవారు. మీరెందుకు పోలేదు సార్ అంటే, ఆడ సముద్రం లేదు గదా అనేవారు. ఆయన సముద్రం ఒడ్డున తిరువొత్తియూరులో పుట్టి పెరిగిన మనిషి. కానీ ఆ సముద్రాన్ని ఆయన తిట్టని రోజు లేదు. ఉప్పుగాలికీ చెమ్మకీ లెన్సులకు బూజు పడుతుంది. అందుకని ఒక చెక్క బీరువాలో లెన్సులన్నీ పేర్చి, లోపల చిన్న బల్బు ఒకటి రాత్రీ పగలూ వెలిగించి పెట్టేవారు. కరెంటు పోతే తను చెమటలో తడిసేది పట్టించుకోకుండా బీరువా తలుపు మీద చెయ్యి పెట్టి, అయ్యో పాపం అన్నట్టు నిలబడేవారు. ఇంత బాధ పెట్టే సముద్రం కోసం ఈ ఊళ్ళో ఉండిపోవడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. మద్రాసు వదిలి వచ్చాక బాగానే అర్థమైంది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పంచె, బనీను. చొక్కా మేకుకు వేలాడేది, గదిలోకి ఎవరొచ్చినా అది మేకు దిగేది కాదు. నడుముకు ఒక మెత్తని గుడ్డ దోపుకుని ఉండేవారు, భార్య పాత చీర ముక్క. లెన్సు తుడవడానికి దాన్ని మించింది లేదని ఆయన నమ్మకం. ఇరవైసార్లు ఉతికినాకనే చీరె పనికొస్తాది, అదీ మా ఇంటామె ఉతికితేనే అని, ఆ మాట అన్నప్పుడల్లా కాస్త సిగ్గుపడేవారు.

నేను వెళ్ళిన మొదటిరోజు ఏ కెమెరా కావాలని అడగలేదు. కూర్చోమని, కింది నుంచి టీ తెప్పించారు. గాజుగ్లాసు, అంచుదాకా నింపి ఉంది, ముట్టుకుంటే కాలుతోంది. మర్యాదకి ఎత్తాను. చెయ్యి అదిరింది. ఒలికితే పరువు పోతుందని మోచేతిని పక్కటెముకకు ఆనించి, ఊపిరి బిగబట్టి నోటిదాకా తెచ్చుకున్నాను. ఆయన టీ తాగకుండా నన్నే చూస్తున్నారు. మోచెయ్యి అట్ల పెట్టుకునేది ఎవురు నేర్పించిరి అని అడిగారు. ఎవరూ లేదు సార్, కాలుతోంది అన్నాను. ఆయన పకపకా నవ్వారు. అది పరీక్ష అని నాకు తరవాతెప్పుడో తెలిసింది. కెమెరా కంటితో కొనేది కాదు, చేత్తో కొనేది అని ఆయన సిద్ధాంతం.

ఆ తరవాత బీరువాలోంచి ఒక పాత కెమెరా తీసి నా మెళ్ళో వేశారు. అందులో ఫిల్ము లేదు. వెయ్యకూడదు. నెలరోజులు దాన్ని మెళ్ళో వేసుకుని ఊరంతా తిరగాలి, నచ్చినచోట ఆగాలి, చూడాలి, బటను నొక్కాలి. ప్రతి ఆదివారం వచ్చి ఆ వారం తీసిన ఫోటోల్లో మూడు ఆయనకు మాటల్లో చెప్పాలి. నెల తిరిగేసరికి ఏ మనిషికి ఏ కెమెరా అన్నది ఆయనకు తెలిసిపోతుందట. కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే షరతు. సగంమంది మొదటి వారమే కెమెరా తిరిగిచ్చి షోరూముకు పోయేవారు. ఆయన చీకూ చింతా లేకుండా ఇంకొకరి కోసం కూర్చునేవారు.

ఆ నెల నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఆడపిల్ల మెళ్ళో కెమెరాతో వీధిలో కనిపించడమే వింత అప్పుడు. పైగా అది ఉత్తది. ఆ డబ్బా కట్టుకుని ఎవర్ని మోసం చేద్దామని అని మా అమ్మ. బడిపిల్లలు వరసలో నిలబడి పళ్ళు చూపించేవాళ్ళు, నేను నొక్కేదాన్ని, మర్నాటినుంచి ఫోటో ఏది టీచర్ అని ప్రాణం తీసేవాళ్ళు. సందు చివర పూలమ్మి ఒకావిడ, నేను నొక్కానని తెలిసి, మర్నాడు కొత్త జాకెట్టు వేసుకొచ్చి మళ్ళీ తీయమంది. కడగడానికి ఇచ్చానక్కా అని ఆ నెలంతా అబద్ధమాడి, ఆనక ఆ సందులోంచి పోవడమే మానేశాను. తరవాత అసలు ఫిల్ముతో ఆవిడని తీసి బాకీ తీర్చుకున్నాననుకోండి, అది వేరే కథ.

ఆదివారాలు మాత్రం బాగుండేవి. ఇప్పటికీ ఆదివారం పొద్దున ఇడ్లీలు తినడమయ్యాక నాకు ఎక్కడికో బయల్దేరాలనిపిస్తుంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవారు. నేను చెప్పేదాన్ని. మధ్యలో రెండే ప్రశ్నలు. వెలుతురు ఏ పక్కనుంచి ఉండాది? నువ్వు ఎంత దూరాన ఉండావు? నగలకొట్లో మా అమ్మ కొత్త కమ్మలు పెట్టుకుని చేతద్దంలో చూసుకుంటున్న ఫోటో ఒకటి చెప్పాను, చాలా గొప్పగా వర్ణించాను. వెలుతురెక్కడిది అన్నారు. తెలియలేదు. "అయితే లేదు పాపా ఆ ఫోటో" అన్నారు. కోడంబాక్కం ప్లాట్‌ఫారం మీద రైలు వెళ్ళిపోయాక ఒంటరిగా మిగిలిన ముసలాయన. లేదు. తిరువొత్తియూరు దాకా పోయి, ఆయన ఊరు కదా మెచ్చుకుంటారని, ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళ ఫోటో పట్టుకొచ్చాను. అదీ లేదు. నువ్వు వాళ్ళని చూళ్ళేదు, నన్ను మెప్పించేదానికి పొయినావు అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

మూడో ఆదివారం, ఇంకేం దొరక్క, మా నాయన ఫోటో చెప్పాను. కొట్లో ఒక కుటుంబం నలభై చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయింది. నాయన తెల్లపరుపు మీద కూర్చుని ఆ చీరలన్నీ మళ్ళీ మడతపెడుతున్నాడు. ట్యూబులైటు నెత్తిమీద ఉంది, అందుకని మొహం నీడలో ఉంది, చేతులు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. నేను మెట్ల మీద, ఆరడుగుల దూరంలో ఉన్నాను. మొహం తీయలేదు సార్, చేతులూ, సగం మడిచిన చీరా, అంతే అన్నాను. ఆయన కళ్ళు తెరిచారు. "ఇది ఉండాది" అన్నారు. బి.ఇడి. పాసైనప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఆ రోజే ఒక పెద్దింటి కుర్రవాడు కారులో వచ్చాడు. షోరూములో కొత్తగా వచ్చిన జపాన్ కెమెరా ఒకటి, అన్నీ అదే చేసుకుంటుంది, దాన్నే కొనమంటారా అని కాగితం తీసి దాని గొప్పలు చదివాడు. సారు ఓపిగ్గా విని, ఇన్ని గుండీలు నీ చొక్కాయికే లేవే నాయనా అన్నారు. కుర్రవాడు నొచ్చుకున్నాడు. ఆయన వెంటనే మెత్తబడి, కొనుక్కో, మంచిదే, అయితే అది చేసే పనులన్నీ ముందు నువ్వు చేతకాక ఏడిస్తేనే దాని విలువ తెలస్తాది అన్నారు. ఇప్పుడు మా మేనకోడలికి చెప్పాలనుకున్న మాట కూడా అదే. నేను చెబితే అంత బాగా రాదు.

నాలుగో ఆదివారం నా కెమెరా సిద్ధంగా పెట్టారు. నా మనసు మౌంట్ రోడ్డు షోరూము అద్దాల వెనక మెరిసే నల్లని తేలికపాటి దాని మీద ఉంది. ఆయన ఎంచింది తూర్పు జర్మనీలో చేసిన పాత ఇనపముద్ద. ఒక మూల సొట్ట కూడా ఉంది. నా మొహం చూసి ఆయనకు అర్థమైంది.

"నీ చెయ్యి మొదలు అదరతాది, బరువు పడితే నిలబడతాది. తేలికది ఇస్తే కడదాకా అదరతానే ఉంటాది. మొదటి కెమెరా అంటే అత్తగారిల్లు కాదు పాపా, ఒదిగి ఒదిగి అలవాటు పడేదానికి. పట్టుకోంగానే నీదని తెలవాల."

పట్టుకున్నాను. నాదని తెలిసింది. సొట్టతో సహా.

కింద కొట్లో నలుపు తెలుపు రోలు ఒకటి కొనుక్కొచ్చాను. ఎక్కించేది చూపిస్తా అని ఆయన చెయ్యి చాపారు. నాకు వచ్చు సార్ అన్నాను. మీరు వచ్చినవాళ్ళకి ఎక్కించడం నాలుగు వారాలుగా చూస్తూనే ఉన్నాను కదా అన్నాను. చూడటం వేరు. నెలరోజులు ఖాళీ కెమెరాతో తిరిగి నేను అన్నీ నేర్చుకున్నాను, ఫిల్ము ఎక్కించడం ఒక్కటి తప్ప. ఆ పద్ధతిలో ఉన్న లోటు అదొక్కటే, ఆ లోటులో నేనే పడాలని రాసిపెట్టి ఉంది.

మొదటి రోలంతా మీ ఫోటోలే తీస్తాను సార్ అన్నాను. అంతకుముందు ఎవరు అడిగినా, నన్ను తీసి ఏం చేస్తారయ్యా, ఫిల్ము దండగ అని కొట్టిపారేసేవారు. ఆ రోజు ఏమనుకున్నారో, లేచి మేకు మీది చొక్కా తీసి తొడుక్కున్నారు. నేను ఆయన్ని చొక్కాలో చూడటం అదే మొదలు. తల చేత్తో దువ్వుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. ఎడమవైపు నుంచి వెలుతురు. నేను నాలుగడుగుల దూరంలో.

మొదట్లో పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. నొక్కాను, ఫిల్ము జరిపే లీవరు లాగాను, మళ్ళీ నొక్కాను. రెండు మూడుసార్లు ఆయన చూపు నా ఎడమచేతి దగ్గర ఆగింది, ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. చెయ్యి అదురుతోందేమోనని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆ తరవాత ఆయన మొహం మెల్లగా వదులైంది. కళ్ళజోడు తీశారు. ముక్కు మీద రెండుపక్కలా ఎర్రగా నొక్కులు. కింద రైలు వెళ్తుంటే తల తిప్పి, అది పోయేదాకా చిన్నపిల్లవాడిలా చూశారు. చీర ముక్కతో అద్దాలు తుడిచి, పెట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకున్నారు. చిన్నప్పుడు తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొచ్చేది చూడ్డానికి వాళ్ళమ్మ ఆయన్ని నిద్రలేపి ఎత్తుకుపోయేదని చెప్పారు. చెబుతూ చెబుతూ నావైపు, కెమెరావైపు కాదు, నావైపు చూసి ఊరుకున్నారు. నేను నొక్కాను. అంత మంచి ఫోటో మళ్ళీ జన్మలో తీయలేనని ఆ క్షణమే అనుకున్నాను.

ఎన్ని ఫోటోలయ్యాయో చూపే అంకెల చక్రం ముప్పై ఆరు దాటి ముప్పై ఎనిమిది చూపించింది. సార్, రెండు ఎక్కువొచ్చాయి అని మురిసిపోయాను. "చాల్లే పాపా" అని ఆయన లేచి, చొక్కా విప్పి మళ్ళీ మేకుకు తగిలించారు.

పురసవాక్కం ల్యాబులో అతను కడిగిన రోలు దీపానికి ఎత్తి చూపించాడు. ఈ చివర నుంచి ఆ చివరికి గాజులా ఉంది. ఫిల్ము లోపల పట్టుకోలేదు, ఒక్క అడుగు కదల్లేదు, మీరు ఖాళీగా నొక్కుతూ పోయారు అన్నాడు. కొట్టుమెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వచ్చిన ఆదివారం ఆ రోలు తీసుకుని సారు దగ్గరకు వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. ఆ పాడైన రోలుతోనే పదిసార్లు ఎక్కించడం నేర్పారు. లీవరు లాగినప్పుడల్లా కెమెరా పైన ఎడమపక్క ఉండే నాబు, ఆ గుండ్రని పిడి, తిరగాలి, అది తిరిగితేనే లోపల ఫిల్ము నడిచినట్టు అన్నారు. నేర్చుకున్నాను. మళ్ళీ కూర్చోండి సార్ అన్నాను. ఇంగొకనాడు చూస్తాములే అన్నారు. తరవాతి వారం అడిగాను, ఆ తరవాతి నెల అడిగాను, తిరుపతిలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేముందు బతిమాలాను. ఇంగొకనాడు. ఆయన జన్మకొక్కసారి చొక్కా తొడుక్కుని కూర్చుంటే నేను గర్వంతో పాడుచేశాను, అందుకే నామీద నమ్మకం పోయిందనుకున్నాను. ఆ తరవాత వందల రోళ్ళు తీశాను. నాయన్ని తీశాను, కొట్లో చేతుల్నీ తీశాను. ఈ ఒక్క ముల్లు మాత్రం ఊడి రాలేదు. ఏడాదికొకసారి ఫోను చేసినా ఆ మాట అడిగే ధైర్యం మళ్ళీ రాలేదు.

అబద్ధం ఆడిన నాలుగోరోజు తట్టుకోలేక మద్రాసు బస్సెక్కాను. కోడంబాక్కంలోనే, గదికి రెండు సందులవతల ఆ ఇల్లు. ఆమెను నేను చూడటం అదే మొదటిసారి. చిన్న మనిషి, తలంతా నెరిసింది. గోడకి ఓటరు కార్డులోది పెద్దది చేయించి పెట్టారు. ఎవురినో కొట్టేదానికి పొయ్యేవాడి మాదిరి ఉండాడు, ఆయన అట్ల ఉండే మనిషేనా అని ఆమె మొహం తిప్పుకుంది. నేను చెప్పేశాను. తీశానమ్మా, ఒక రోలు తీశాను, ఫిల్ము సరిగ్గా ఎక్కించలేదు, ఒక్కటీ పడలేదు, క్షమించండి అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ పిల్లవి నువ్వేనా?"

ఆమె నా పక్కన కూర్చుంది. ఆ ఆదివారం ఆయన అన్నానికి ఆలస్యంగా వచ్చాడని, కంచం ముందర కూర్చుని తినకుండా నవ్వుకుంటూ ఉంటే ఏమైందని అడిగానని చెప్పింది.

"నాబు తిరగలేదని మొదటి ఫోటోకే చూసినాడంట. చెప్పబోయి నోరు మూసుకున్నాడంట. ముప్పై ఏండ్లు నేను మందిని చూస్తా వచ్చినా, నన్ను అట్ల నిలబడి ఎవురూ చూళ్ళేదే, చెప్తే ఆ పిల్ల చూసేది ఆపేస్తాదని చెప్పలేదు అన్నాడు."

మరి మళ్ళీ ఎందుకు కూర్చోలేదమ్మా, ఎన్నిసార్లు అడిగాను అన్నాను.

"అదీ అడిగినా. ఇంగ ఆ పిల్ల నన్ను చూడదు, నాబును చూస్తాది అన్నాడు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేను ఏడ్చాను. ఇన్నేళ్ళు దాచిపెట్టుకున్నదంతా ఏడ్చాను. ఆయన అన్నది నిజం. ఆ రోజు తరవాత నేను మా నాయన్ని తీసినా, బడిపిల్లల్ని తీసినా, ఎవర్ని తీసినా, ముందు నా కన్ను ఎడమపక్క నాబు మీదికే పోయింది. ఒక మనిషిని మనిషిగా, ఇంకేమీ చూసుకోకుండా, అరగంటసేపు చూసింది ఒక్క ఆయన్నే.